నాలుగు నెలల ముందు కథ

టీవీ మీద నాకు లేని అభిప్రాయం లేదు. మదనపల్లెలో చిత్తూరు బస్టాండు పక్క సందులో నాదొక చిన్న కొట్టు. ఒకప్పుడు డబ్బా టీవీలు రిపేరు చేసేవాణ్ని. ఇప్పుడు రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు, ఫోన్ల మీద అంటించే అద్దాలు. కొట్టులో గోడ మీద ఒక టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఎవరైనా అడిగితే "చెక్ చేస్తాండాను" అంటాను. ఆ టీవీని నేను తొమ్మిదేళ్ళుగా చెక్ చేస్తున్నాను.

న్యూస్ చర్చలంటే నాకు మంట. ఎనిమిది గళ్ళు, ఎనిమిది తలకాయలు, అందరూ ఒకేసారి అరుపులు. మా టమేటా మార్కెట్టు వేలంపాటలో ఇంతకంటే పద్ధతి ఉంటుంది. అక్కడ ఎంత అరిచినా చివరికి ఎవరో ఒకరు సరుకు ఎత్తుకుని పోతారు. వంటల కార్యక్రమంలో యాంకరమ్మ గరిటె నోటికి అందకముందే కళ్ళు మూసుకుని "అబ్బబ్బబ్బ" అంటుంది. ఉప్పు తక్కువైంది అన్న యాంకరమ్మను నేను పుట్టి ఇంతవరకు చూడలేదు. పాటల పోటీలో పాట మూడు నిమిషాలు, ఏడుపు పావుగంట. పాడిన పిల్ల ఏడుస్తుంది, వాళ్ళమ్మ ఏడుస్తుంది, మార్కులు వేసేవాళ్ళు ముగ్గురూ వంతులవారీగా ఏడుస్తారు, ఆ పిల్ల శ్రుతి తప్పిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పొద్దున్నే రాశిఫలాలు చెప్పే ఆయన నా రాశికి ఏళ్ళ తరబడి "ప్రయాణాల్లో జాగ్రత్త" అనే చెబుతున్నాడు. నేను ఇంటి నుంచి కొట్టుకు నడుచుకుంటూ పోతాను, అంతే.

ఇవన్నీ నేను మనసులో పెట్టుకునే రకం కాదు. రిమోట్‌లోకి సెల్లు కావాలని వచ్చినామెను అరగంట నిలబెట్టి చెబుతాను. మా ఆవిడ ఒకసారి విసిగిపోయి అడిగింది, "ఏమప్పా, నువ్వు ఎప్పుడన్నా దేన్నన్నా సూసి మెదలకుండా ఉండావా?" అని. ఆలోచించి చూశాను. ఒక్కసారి ఉన్నాను. ఉండకూడని చోట ఉన్నాను.

అది మా మేనకోడలి పెళ్ళి. మా అక్కను కుప్పం ఇచ్చారు. అక్కకు ఒక్కతే కూతురు, ఆ పిల్లకు నేనొక్కణ్నే మేనమామను. మాలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. పక్కన చెయ్యి వేయడానికి ఇంకొకరిద్దరు ఉంటారుగానీ ముందు పట్టు మేనమామదే. ఆ పిల్ల మూడేళ్ళప్పటి నుంచి నా భుజమెక్కి "నన్ను గంపలో మోస్తావా మామా?" అని అడిగేది. "నువ్వు లావెక్కకుండా ఉంటే మోస్తా" అనేవాణ్ని.

ముహూర్తం పొద్దున పదింటికి. అదే పొద్దున సముద్రాల అవతల ఎక్కడో మనవాళ్ళ టెస్టు మ్యాచి ఆఖరి రోజు. కల్యాణ మంటపానికి ఎదురుగా టీకొట్టులో టీవీ ఉంది. ఒక్క ఓవరు చూసి వస్తానని రోడ్డు దాటాను. పట్టుపంచె, తలపాగా, నుదుట బొట్టు, చేతిలో టీ గ్లాసు. జేబులో ఫోను సౌండు లేకుండా పెట్టింది నేనే, పెళ్ళిలో మోగితే మర్యాద కాదని. ఒక్క ఓవరు ఎన్ని ఓవర్లయిందో నాకు తెలియదు. మేళం గట్టిగా వినబడి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి మా బావ దాయాది ఒకాయన గంప దించి చెమట తుడుచుకుంటున్నాడు. మ్యాచి డ్రా అయింది.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చేటప్పుడు తాంబూలం, కొత్త బట్టలు చేతిలో పెట్టింది, నా ముఖం వైపు చూడకుండా. ఆ తర్వాత ఐదేళ్ళు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. క్షమించమని అడగాలంటే ముందు ఏం చేశానో చెప్పాలి కదా. "టీవీ చూస్తూ ఉండిపోయానక్కా" అన్న మాట ఎన్నిసార్లు అద్దం ముందు అని చూసుకున్నా మనిషి అనే మాటలా వినిపించలేదు. మా ఆవిడ మాత్రం ఆదివారం పొద్దున్నే వదినకు ఫోను చేసేది. నేను పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని చెవి అటు పెట్టేవాణ్ని.

అట్లా చెవి పెట్టిన ఒక ఆదివారం కథ మారింది. ఆ రోజుల్లో ఊరంతా ఒకే సీరియల్ చూస్తోంది. పెద్ద కుటుంబం, ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు బంగారం, చిన్న కోడలు విషం. ఎవరు ఏమన్నా అందరి ముఖాల మీదికీ కెమెరా మూడేసిసార్లు ఉరుకుతుంది. నేను తిట్టని రోజు లేదు, చూడని రోజూ లేదు. ఆ శనివారం చిన్న కోడలు పెద్ద కోడల్ని ఏట్లోకి తోసేసింది. సోమవారం దాకా ఆగాలి. నాకు కాలు నిలవడం లేదు. అప్పుడు మా ఆవిడ ఫోనులో అంటోంది, "అట్లనా వదినా? అరవంలో అప్పుడే ఆ కత అయిపొయ్యిందా?"

విషయమేమిటంటే అదే సీరియల్ ముందు అరవంలో తీశారు. తెలుగులో అదే కథను వేరే నటులతో మళ్ళీ తీస్తున్నారు. కుప్పంలో అరవం చానళ్ళన్నీ వస్తాయి. అక్క పెళ్ళయి అక్కడికి పోయినప్పటి నుంచి అరవం గడగడా మాట్లాడుతుంది. మనకంటే అక్కడ కథ నాలుగు నెలలు ముందు నడుస్తోంది. ఏట్లో పడినామె బతికిందో లేదో మా అక్కకు తెలుసు. నేను పేపరు పడేసి పోయి మా ఆవిడ చేతిలో ఫోను లాక్కున్నాను.

"అక్కా, పెద్ద కోడలు బతికే ఉండాదా?"

ఐదేళ్ళ తర్వాత తోడబుట్టిన అక్కతో నేను మాట్లాడిన మొదటి మాట అది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది.

"బతికే ఉండాదప్పా," అంది అక్క. "సేపలు పట్టేవాళ్ళు ఎత్తుకోని పొయినారు. కత ఇంగా శానా ఉండాది."

"రేపు ఈ టైముకే జేస్తా" అన్నాను.

"చెయ్" అంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున కొట్టు తెరవకముందు అక్కకు ఫోను. అక్క ముందురోజు చూసిన కథ చెప్పేది, నేను దానిమీద అభిప్రాయం చెప్పేవాణ్ని. ఎట్లుండావక్కా అని అడిగేవాణ్ని కాదు. పిల్ల ఎట్లుందని అడిగేవాణ్ని కాదు, బెంగళూరులో కాపురం పెట్టిందని తెలుసు, అంతవరకే. ఇంత తిప్పలెందుకు, ఫోన్లో వెతికితే ఆ అరవం సీరియల్ మొత్తం దొరుకుతుంది కదా అని మీకు అనిపించవచ్చు. మా ఆవిడా అదే అంది. "నాకు అరవం రాదు" అన్నాను. "బొమ్మ సూస్తే తెలీదా?" అంది. తెలుస్తుంది. కానీ కథ నా ఫోన్లోనే దొరికితే అక్కకు ఫోను చేయడానికి నాకు ఏ వంకా మిగలదు. వంక లేకుండా చేస్తే గంప సంగతి ఎత్తాలి. ఆ సీరియల్ ఒక్కటే మా ఇద్దరి మధ్యా మిగిలింది. అది తెగితే అక్క తెగిపోతుందని నాకు తెలుసు. అందుకే ఒక్కసారి కూడా వెతకలేదు. ఇంతటి వీరుణ్ని నేను.

వీరుడికి ఇంకో లాభం కూడా దొరికింది. పక్క పూలకొట్టు ఆమె ఒకరోజు "అన్నా, ఈ వారం చిన్న కోడలు దొరికిపోతాదా?" అని మాట వరసకు అడిగింది. నేను కళ్ళు మూసుకుని, కాస్త ఆగి, "దొరకదు. విషం గ్లాసు మారిపోతాది. పనామె తాగుతాది, అయినా సావదు" అన్నాను. గురువారం అక్షరాలా అట్లాగే జరిగింది. శుక్రవారం పొద్దున పూలామె నా కొట్టు ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. అక్కడి నుంచి నన్ను పట్టేవాళ్ళు లేరు. అరవం సంగతి నేనెవరికీ చెప్పలేదు. "ఇన్నేండ్ల అనుభవం. నాలుగు సీన్లు సూస్తే రాసేవాని బుర్ర తెలిసిపోతాది" అనేవాణ్ని. పెళ్ళిరోజు గుర్తుండని మనిషిని, నాలుగు నెలల కిందట అక్క చెప్పిన సీన్లు మాత్రం వరస తప్పకుండా గుర్తుపెట్టుకునేవాణ్ని.

నా కీర్తి పుంగనూరుకు కూడా పాకింది. పుంగనూరు మా అత్తగారి ఊరు. శనివారం సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి ఇద్దరం అక్కడికి పోయేవాళ్ళం. మా అత్త ఇంటి వసారాలో టీవీ ముందు ఆ సందు ఆడవాళ్ళంతా ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు. నాకు మాత్రం కుర్చీ. సొంత కూతురికంటే ముందు నాకు కాఫీ వచ్చేది. "మా అల్లుడు జెప్పినాడంటే ఆ సీరియల్ వాళ్ళు గూడా దాటిపోలేరు" అనేది అత్త. నేను మీసం దువ్వుకునేవాణ్ని. అప్పట్లో నాకు మీసం ఉండేది.

ఉగాది దాటాక అక్క చెప్పే కథలో ఏదో మార్పు వచ్చింది. నాలాంటి అనుభవజ్ఞుడు కనిపెట్టకుండా ఉంటాడా? "అక్కా, రాసేవాణ్ని మార్చినట్టుండారే" అన్నాను. అంతవరకు ఆ ఇంట్లో పట్టుచీరలు కట్టుకుని మెట్ల మీద కుట్రలు చేసే మనుషులు ఉన్నట్టుండి రాగి సంగటి కెలకడం మొదలుపెట్టారు. అత్తాకోడళ్ళు కొళాయి నీళ్ళ వంతు కోసం పోట్లాడుకున్నారు. వానకు మల్బరీ ఆకు పాడై పట్టుపురుగులు చచ్చిపోతే అంత పెద్ద బంగళా ఇంటాయన అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. "ఇప్పుడు గదక్కా సీరియల్లో మనుషులు కడుపుకు తింటాండారు! అరవం వాళ్ళు ఇట్లాంటివి బాగా తీస్తారు" అని పొగిడాను. అక్క కాస్త దగ్గి, "అట్లనా? నచ్చిందా?" అంది.

తర్వాత ఒక పాము వచ్చింది. వంటింట్లోకి దూరి పదకొండు రోజులు బయటికి పోలేదు. చిన్న కోడలు ఒక్కతే దానికి భయపడదు. పాము కూడా ఆమె జోలికి పోదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తల తిప్పుకుంటారు. నేను కొట్టులో నిలబడి పగలబడి నవ్వాను. "ఈ పాము రాసినోడు ఎవురోగానీ మొనగాడక్కా" అన్నాను.

ఆపైన తమ్ముడు వచ్చాడు.

"ఇప్పుడు పెద్ద కోడలికి తమ్ముడొకడు ఊడిపడినాడప్పా" అంది అక్క ఒక పొద్దున.

"ఇన్ని దినాలూ యాడుండాడంట?"

"యాడుండాడో. ఇంట్లో ముఖ్యమైన పొద్దు ఉండాల్సినోడు లేకుండా పొయ్యినాడంట. ఇప్పుడొచ్చి గేటు కాడ నిలబడుకోనుండాడు. లోపలికి రాడు, ఎనక్కి పోడు. నువ్వేమంటావప్పా? రానీయల్నా, వద్దా?"

ఆ మాట మదనపల్లెలో ఎవరి చెవిన పడినా అర్థమయ్యేది. పూలామెకు అర్థమయ్యేది. నాకు అర్థం కాలేదు. నన్ను అభిప్రాయం అడిగారు, నాకు అంతే వినబడింది. గొంతు సవరించుకున్నాను.

"రానీకూడదక్కా. అట్లాంటోళ్ళను ఊరికే రానిస్తే సూసేవాళ్ళకు కత సప్పగుంటాది. ఇంగా కొన్ని దినాలు ఎండలో నిలబెట్టాల. నేనే రాసేవాణ్నయితే వాన్ని ఏదన్నా లారీ కింద ఏసేద్దును, పీడ వదిలిపోతాది."

"సరేలేప్పా, పొయ్యి మీద పాలు పెట్టినా" అని అక్క ఫోను పెట్టేసింది.

మూడు వారాలు గడిచినా ఆ తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. ఎండకు ఎండుతున్నాడు, వానకు తడుస్తున్నాడు. ఆ ఇంటి పిల్ల మేడ మీద నుంచి చూస్తుంది, పోతుంది. నాకు విసుగు పుట్టి అడిగేశాను. "ఏందక్కా ఈ సాగదీసేది? పిలిస్తే పిలవమను, లేకుంటే పొమ్మను!"

"వాడు నోరు తెరిసి ఒక మాట అడగాల గదప్పా," అంది అక్క. "అడక్కుండా నిలబడుకోనుంటే ఎట్ల పిలుస్తారు?"

"మాటలు రాసేవానికి చేతగాలేదు, అదీ సంగతి" అని తేల్చేశాను. నా మొహం.

శ్రావణంలో తెలుగు చానల్ వాళ్ళు ఆ సీరియల్‌కు చివరి వారం అని వేయడం మొదలుపెట్టారు. పూలామె కంగారుగా వచ్చి చెప్పింది. నేను నవ్వాను. అక్కడ పాము వచ్చి పోయింది, తమ్ముడు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, ఇక్కడ అప్పుడే చివరి వారమేమిటి? ఆ శనివారం పుంగనూరులో వసారా కిటకిటలాడింది. "అయిపోతాదంటప్పా అల్లుడూ" అంది అత్త దిగులుగా. "అత్తా, ఇదంతా జనాన్ని లాగేదానికి ఆడే నాటకం" అని లేచి నిలబడ్డాను. ఆ ఊపులో పాము దగ్గర నుంచి మల్బరీ ఆకు దాకా నాలుగు నెలల కథా చెప్పేశాను. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నాకింకా ఆశ తీరలేదు. "ఈ పొద్దు ఈ సీరియల్ అయిపొయ్యిందంటే రేప్పొద్దున మీసం తీసేస్తా!" అన్నాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

అరగంటలో చిన్న కోడలు పెద్ద కోడలి కాళ్ళ మీద పడింది. అందరూ వరసగా నిలబడి చేతులు జోడించారు. తెర నిండా "శుభం" అని పడింది. పాము లేదు. తమ్ముడు అసలే లేడు. వసారాలో ఎవరో చీరకొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడయింది. మా ఆవిడ నేల చూపులు చూస్తోంది. "పోనీలేప్పా" అంది అత్త. మళ్ళీ తనే, "మాట మాత్రం అందురూ ఇనినారు" అంది.

ఆదివారం పొద్దున పుంగనూరు బస్టాండు పక్కన మంగలి కొట్టులో మీసం తీయించుకున్నాను. అద్దంలో చూస్తే ఒలిచిన ఉల్లిగడ్డ నాకేసి చూస్తోంది. ఒళ్ళు మండిపోయింది. అక్క కావాలనే చేసింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని ఇప్పుడు నలుగురిలో నా పరువు తీసింది. మా ఆవిడ వద్దంటున్నా వినకుండా పలమనేరు బస్సెక్కాను, అక్కడ కుప్పం బస్సు మారాను. బైరెడ్డిపల్లె దాటేదాకా అక్కను ఏమేమి అనాలో వరసగా పేర్చుకున్నాను. శాంతిపురం వచ్చేసరికి మొదటి మాట ఖాయం చేసుకున్నాను.

తలుపు తీసింది అక్కే. ఇన్నేళ్ళలో జుట్టు తెల్లబడింది. నన్ను చూసింది. నా పైపెదవి చూసింది. చేతిలో చేట కింద పడేసింది.

"అయ్యో దేవుడా! ఎవురప్పా పొయ్యింది?" అని కేక పెట్టి నన్ను రెండు చేతులా పట్టుకుంది. "మీసం తీసినావంటే... ఎవురు నాయనా? మీ మామనా? యాల ఫోను జెయ్యలేదప్పా? ఒక్కనివే వచ్చినావా ఇంత దూరం?"

నేను నోరు తెరిచేలోపల గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు, ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చింది. పుంగనూరు నుంచి కూడబెట్టుకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో. "ఎవురూ పోలేదక్కా" అన్నాను చివరికి. "సీరియల్ అయిపొయ్యింది."

పక్కింటివాళ్ళు మమ్మల్ని వింతగా చూసి పోయారు. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని మెట్టు మీద కూలబడింది. లోపల మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్న మా బావ ఒక్కసారి నా ముఖం చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగిపోయాడు, నవ్వు దాచుకోవడానికి. అది చూసి నాకు కోపం తిరిగి వచ్చింది.

"యాలక్కా నన్నిట్ల జేసినావు? గంప సంగతి మనసులో పెట్టుకోనే గదా?"

గంప అన్న మాట ఇన్నేళ్ళలో మొదటిసారి మా ఇద్దరి మధ్యా పడింది. అక్క తలెత్తలేదు.

"ఆ అరవం సీరియల్ ఉగాది అయిన వారానికే శుభం ఏసేసినారప్పా."

"మరి ఇన్ని దినాలూ నాకు జెప్పింది?"

"నేనే అల్లుకోని జెప్తాంటి. సంగటి, కొళాయి, ఆకు పాడయ్యింది, అన్నీ మన ఇంట్లోవే."

"పాము నాది" అన్నాడు బావ లోపలి నుంచి. కాస్త గర్వంగానే అన్నాడు.

"అయిపొయ్యిందని ఒక్క మాట జెప్పింటే ఏమయ్యేది?" అని గట్టిగా అడిగాను.

"జెప్పింటే మర్సనాడు నువ్వు ఫోను జేసేవాడివా?" అంది అక్క.

చేసేవాణ్ని కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకు తెలుసు, టీవీ వైపు తిరిగి కూర్చున్న బావకు కూడా తెలుసు. నేను మెట్టు మీద అక్క పక్కన కూర్చున్నాను. అప్పుడు ఒక్కొక్కటే మెదడుకు ఎక్కాయి: గేటు, ఎండ, నోరు తెరిచి ఒక మాట అడగాల అన్న మాట. లారీ కింద వేసేయమని నేనిచ్చిన తీర్పు.

"తప్పయిపొయ్యిందక్కా" అన్నాను. "ఎదురుంగా టీకొట్లో టీవీ సూస్తా నిలబడుకోనుంటి. ఇంగేమీ లేదు. అంతే."

"నాకు తెలుసు. టీకొట్టాయనే జెప్పినాడు ఆ పొద్దు" అంది అక్క. "నాకు గాదప్పా జెప్పాల్సింది. ముహూర్తం దాటిపోతాదని అయ్యవారు అరస్తాంటే, మా మామ వచ్చేదాకా గంపలో కూచోనని అది మొండికేసింది. మీ బావ జెప్పినా ఇనలేదు. కడాకు నేను దాన్ని చెంప మీద ఒకటి గొట్టి కూచోబెట్టినా. పెండ్లికూతుర్నప్పా. ముహూర్తం పొద్దు. ఎప్పుడూ చెయ్యి చేసుకోనిదాన్ని." అక్క తన కుడి చెయ్యి వైపు చూసుకుంది. "నీమీద కోపం మూన్నెల్లకే పొయ్యింది. నీతో మాట్లాడాలంటే అది గుర్తుకొస్తాది, అందుకే మాట్లాడలే."

ఇది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఫొటోల్లో ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉంటే హోమం పొగకని అనుకున్నాను. దానిమీద కూడా నాకొక అభిప్రాయం ఉండేది, ఫొటోగ్రాఫరుకు లైటింగు తెలియదని.

అక్క లేచి లోపలికి పోయి ఫోను తెచ్చి, నంబరు కలిపి నా చేతిలో పెట్టింది. నేను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఎత్తిన పిల్లకు అది వాళ్ళమ్మ ఫోను. నేనెవరో చెప్పేలోపలే మాట్లాడటం మొదలుపెట్టింది.

"అమ్మా, నేనే జేద్దామనుకుంటాంటి. రేప్పొద్దున మామకు జెప్పేదానికి ఒకటి అనుకున్నా. గేటు కాడుండే ఆయన్ని ఇంగ లోపలికి పిలిచేద్దాం. పాపం, శానా దినాలయ్యింది. నిలబడి నిలబడి కాళ్ళు నొస్తాంటాయి. అడక్కపోతే పోనీలేమ్మా, అడిగేది రాదేమో ఆయనకు."

తమ్ముడి కథ అక్కది కాదు. ఇన్నాళ్ళూ బెంగళూరు నుంచి ఆ పిల్ల చెబుతోంది.

"అమ్మా? ఇనిపిస్తాందా?"

"నేనమ్మా. మామను" అన్నాను.

ఫోను పెట్టేస్తుందేమోనని భయమేసింది. పెట్టేయలేదు. నేను అద్దం ముందు అనుకున్న మాటలేవీ గుర్తురాలేదు. "ఆ పొద్దు నువ్వు నాకోసం సూస్తాంటివని నాకు తెలీదమ్మా" అన్నాను. "నిన్ను మొయ్యాల్సింది నేను. రాలేదు. నన్ను మన్నించమ్మా."

"మామా, రోడ్డు దాటేదానికి నీకు అంతసేపు పట్టిందా?" అని అడిగి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, అక్క ముందర, బావ ముందర, చెంబు తిరిగి తీసుకుపోవడానికి వచ్చిన పక్కింటామె ముందర. బావ లేచి టీవీ కట్టేశాడు. అందులో అప్పటిదాకా ఏం వస్తోందో నేను చూడలేదు.